బత్తాయి వాసన సీసాలో ఎటు పోతుంది? షర్బత్‌లు, జ్యూసులు చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నకిరేకల్ దగ్గర మాది చిన్న యూనిట్. నిమ్మ షర్బత్, బత్తాయి జ్యూస్, సుగంధి షర్బత్ చేస్తాం. మహిళా సంఘాల అక్కలు, జ్యూస్ బండ్లవాళ్లు, కొత్తగా యూనిట్ పెట్టాలనుకునే పిల్లలు ఫోన్ చేసి అడిగేది తిప్పి తిప్పి ఒకటే: "చేసిననాడు ఘుమఘుమలాడింది. నెల తిరిగేసరికి చక్కెర నీళ్ల లెక్క అయింది. ఏమైంది?" చాలామంది వెంటనే ఎసెన్స్ పెంచుతారు. నేను కూడా మొదట్లో అదే చేసి ఒక సీజన్ పాడుచేసుకున్నాను. ఎసెన్స్ సీసా వైపు చూసే ముందు, డ్రింకు పోసిన సీసాను, దాని మూతను అనుమానించండి. ఇన్నేళ్లలో నేను చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

సీల్ తియ్యనే లేదు, చుక్క కారలేదు. మరి వాసన ఎటు పోయినట్టు?

ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను గుర్తు తెచ్చుకోండి. ఎన్నిసార్లు తోమినా, ఎండలో ఆరబెట్టినా మూత తియ్యగానే ఆవకాయ వాసనే. అదే ఆవకాయ స్టీలు గిన్నెలో పెడితే ఒక్కసారి తోమితే చాలు. అంటే ఆ వాసన ప్లాస్టిక్ మీద అంటుకోలేదు, ప్లాస్టిక్ లోపలికి ఇంకింది. డబ్బాలోకి ఇంకిన వాసన ఎక్కడిది? ఆవకాయలోదే. మీ డ్రింకుకు కూడా అంతే జరుగుతుంది. సీసా గోడ వాసనను తాగేస్తుంది.

ఇది మొదటి దారి. రెండో దారి, ఆ గోడ గుండా వాసన మెల్లగా బయటి గాలిలోకి వెళ్లిపోవడం. మూడోది, బయటి ఆక్సిజన్ లోపలికి వచ్చి వాసనను వేరే పదార్థంగా మార్చెయ్యడం. దీనికి ఎండ, వెలుగు తోడైతే మరీ తొందరగా అవుతుంది. మీ డ్రింకు వాసన తగ్గిందంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి, చాలాసార్లు రెండు మూడు కలిసి పనిచేసినట్టు.

ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది కదా, లోపలికి ఎట్లా ఇంకుతుంది?

ఇంట్లో ఒక పని చేసి చూడండి. బత్తాయి తొక్క ముక్కను మధ్యకు మడిచి, ఒక థర్మోకోల్ ముక్క మీద గట్టిగా పిండండి. తొక్కలోంచి సన్నటి తుంపర పడుతుంది కదా, అది పడిన చోట థర్మోకోల్ మెత్తబడి గుంటలు పడుతుంది. బాగా ఊదిన బెలూన్ మీద పిండితే ఠప్పున పేలిపోవచ్చు కూడా. ఆ తుంపరలో తొంభై శాతానికి పైగా లిమొనీన్ అనే నూనె పదార్థం ఉంటుంది. దీన్ని లిమోనిన్‌తో కలిపేసుకోకండి, లిమోనిన్ వేరు, దాని సంగతి చేదు దగ్గర చెప్తాను.

నూనె నూనెలో కలుస్తుంది, నీళ్లలో కలవదు. పాలిథిన్, పాలీప్రొపిలీన్ రెండూ ముడి చమురు నుంచి వచ్చినవే, వాటి గుణం నూనె గుణమే. జ్యూసులో తొంభై శాతం దాకా నీళ్లే. ఆ నీళ్లలో ఇమడలేని లిమొనీన్‌కు పక్కనే పాలిథిన్ గోడ కనిపిస్తే అది పుట్టింటికి పోయినట్టు పోతుంది. పాలిథిన్ గోడలో అణువులు కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల వదులుగా ఉంటాయి. వదులుగా ఉన్న సందుల్లో వాసన చేరి కూర్చుంటుంది. పాలిథిన్ నీటి ఆవిరిని బాగా ఆపుతుంది కాబట్టి చుక్క కూడా కారదు, ప్యాకెట్ నిండుగానే కనిపిస్తుంది. అందుకే మనకు అనుమానం రాదు.

మీకు ఇది ఎప్పుడు అర్థమైంది?

మొదటి బత్తాయి సీజన్‌లో. ఖర్చు తక్కువని పలచటి పాలిథిన్ ప్యాకెట్లలో జ్యూస్ నింపి నల్గొండలో ఒక హోటల్‌కు ఇచ్చాను. ఫ్రిజ్‌లోనే పెట్టుకున్నారు. వారం తిరగకముందే ఓనర్ ఫోన్ చేసి, "తమ్మీ, నీళ్లు కలుపుతున్నవా ఏంది? వాసనే లేదు" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. చక్కెర కొలత, పండ్ల బరువు, మిషన్, అన్నీ మళ్లీ చూసుకున్నాను, ఎక్కడా తేడా లేదు. వాపస్ వచ్చిన ప్యాకెట్లలో ఒకటి కత్తిరించి గ్లాసులో పోసి వాసన చూస్తే, నిజమే, చప్పగా ఉంది. ఖాళీ ప్యాకెట్‌ను రెండుసార్లు నీళ్లతో కడిగి దండెం మీద వేశాను. సాయంత్రం ఎండిన ఆ ప్యాకెట్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే ఒలిచిన బత్తాయి తొక్క వాసన. నేను పండించిన వాసనంతా ఆ కవర్‌లో ఉంది. జ్యూస్ ఇచ్చి ఆయన దగ్గర డబ్బులు తీసుకున్నాను, వాసన మాత్రం కవర్‌కు ఇచ్చాను.

అన్ని ఫ్లేవర్లూ ఇట్లాగే పోతాయా?

పోవు. ఇదే కొత్తవాళ్లు తెలుసుకోవాల్సిన అసలు విషయం. నూనె గుణం ఎక్కువున్న వాసనలు తొందరగా ప్లాస్టిక్‌లోకి పోతాయి. నీళ్లలో కలిసే గుణమున్నవి డ్రింకులోనే ఉంటాయి.

బత్తాయి, నిమ్మ, నారింజ తొక్క వాసనలు అన్నిటికంటే ముందు పోతాయి. మామిడి వాసనలో కూడా ఈ జాతి పదార్థాలు బాగానే ఉంటాయి, కొల్లాపూర్ మామిడి రసం చేసేవాళ్లు గమనించాలి. యాలకుల వాసన కూడా నూనె స్వభావమే. గులాబీ షర్బత్ వాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీళ్లలో కొంత కలుస్తుంది కాబట్టి ప్లాస్టిక్ దాన్ని అంతగా తాగదు. వెనీలా మరీ గట్టిది, నెలల తరబడి ఉంటుంది. పండు తాజాదనాన్ని చెప్పే తియ్యటి వాసనలు, ఈస్టర్లు అంటారు వాటిని, ప్లాస్టిక్‌లోకి కొంచెమే ఇంకుతాయి గాని చాలా తేలికైనవి, మూత సందు దొరికితే ముందు అవే ఎగిరిపోతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. లిమొనీన్ ఎంత పోయినా మన ముక్కుకు అంత పెద్ద లోటు తెలియకపోవచ్చు, ఎందుకంటే బత్తాయి వాసనను పట్టించేది చాలావరకు కొద్ది మోతాదులో ఉండే ఆక్టనాల్, డెకనాల్ లాంటి ఆల్డిహైడ్లు అనే వాసన పదార్థాలు. కానీ ఇవి కూడా నూనె గుణమున్నవే, ఇవి కూడా గోడలోకి పోతాయి. వాసన "తగ్గింది" అనిపించడం కన్నా "ఏదో తేడాగా ఉంది" అని జనం అనడానికి ఇది ఒక కారణం. కూరలో ఉప్పు కారం ఉండి కరివేపాకు లేనట్టు.

పెట్ బాటిల్ అయితే ఫరవాలేదా?

పాలిథిన్ ప్యాకెట్ కన్నా చాలా మేలు. రెండింటినీ "ప్లాస్టిక్" అని ఒకే గాట కట్టొద్దు. పెట్ అణువులు మామూలు వేడిలో కదలకుండా బిగుసుకుని ఉంటాయి, నూనె గుణం కూడా తక్కువ. అందుకని వాసన లోపలికి దూరడానికి దారి సులభంగా దొరకదు. అసలు ఈ సీసా పుట్టిందే గ్యాస్ డ్రింకుల కోసం. అమెరికాలో నథానియల్ వైయెత్ దీనికి 1973లో పేటెంట్ పొందాడు. సోడా ఒత్తిడికి ఉబ్బి పగలని ప్లాస్టిక్ సీసా కావాలన్నది ఆయన పట్టుదల.

అయితే పెట్ గాజు కాదు. ఆక్సిజన్ దాని గోడ గుండా మెల్లగా లోపలికి వస్తూనే ఉంటుంది, సోడాలో గ్యాస్ బయటికి పోతూనే ఉంటుంది. గ్యాస్ పోతే వాసన కూడా పోయినట్టు అనిపిస్తుంది. బుడగలు పైకి లేచి పగిలేటప్పుడే కదా వాసనను ముక్కు దాకా మోసుకొచ్చేది. నిమ్మ సోడా చప్పబడితే చాలాసార్లు నిమ్మ వాసన సీసాలోనే ఉంటుంది, మోసేవాడు లేడు అంతే.

అడుగున త్రికోణం గుర్తులో 1 ఉంటే పెట్. 2 అంటే హెచ్‌డీపీఈ, 4 అంటే ఎల్‌డీపీఈ, ఈ రెండూ పాలిథిన్ రకాలే, 5 అంటే పీపీ, అంటే పాలీప్రొపిలీన్. నిమ్మ, బత్తాయి డ్రింకులకు 2, 4, 5 ఉన్న సీసాలు కొనకండి. తెల్లగా, మెత్తగా ఉండి నొక్కితే లోపలికి పోయే డబ్బాలు చాలావరకు ఇవే.

కొత్త పెట్ బాటిల్‌లో ఏదో తియ్యటి పండు వాసన వస్తోంది. అది ఏంటి?

ఎసిటాల్డిహైడ్. ప్రీఫాం, అంటే సీసాగా ఊదే ముందు ఉండే చిన్న గొట్టం, తయారయ్యేటప్పుడు పెట్‌ను మరీ వేడి చేస్తే ఇది పుడుతుంది, తర్వాత గోడలోంచి మెల్లగా లోపలి నీళ్లలోకి వస్తుంది. మంచినీళ్లలో లీటరుకు 20 నుంచి 40 మైక్రోగ్రాములున్నా చాలామంది పసిగడతారు. పండ్ల డ్రింకుల్లో దీని గురించి బెంగ అక్కర్లేదు, పండ్లలో అది సహజంగానే ఉంటుంది, ఆ వాసనలో కలిసిపోతుంది. వట్టి నీళ్లు, సోడా నింపేవాళ్లు మాత్రం బాటిళ్ల వాసన చూసి తీసుకోవాలి. మూత పెట్టి ఒక రోజు ఉంచి, తెరవగానే ముక్కు పెట్టండి.

చిన్న ప్యాకింగ్‌లోనే వాసన ఎక్కువ పోతోంది. నా భ్రమనా?

భ్రమ కాదు. ఒకే ఆకారంలో 200 మిల్లీలీటర్ల బాటిల్, లీటరు బాటిల్ తీసుకుంటే, ప్రతి చుక్క జ్యూసుకు చిన్నదాంట్లో దాదాపు 1.7 రెట్లు ఎక్కువ గోడ తగులుతుంది. గోడ ఎక్కువైతే తాగేది ఎక్కువ, గాలి వచ్చేది ఎక్కువ. లీటరు బాటిల్‌లో పరీక్ష చేసి మూడు నెలలు బాగుందని, అదే డేటు చిన్న బాటిల్ మీద వెయ్యకండి.

అయితే గాజు సీసానే అన్నిటికంటే మంచిదా?

వాసన వరకే అడిగితే, అవును. గాజు వాసనను తాగదు, గాలిని రానివ్వదు, తన వాసన ఇవ్వదు. మోత, పగలడం, రవాణా ఖర్చు మీ లెక్కలో వేసుకోండి. నా లెక్క చెప్తాను: నిమ్మ షర్బత్, బత్తాయి గాజులో, గులాబీ పెట్‌లో. ఏది పోతుందో దానికే ఖర్చు పెట్టాలి.

మన గోలీ సోడాను చూడండి. 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ కట్టిన ఆ సీసాలో గాజు, గాజు గోలీ, మెడలో సన్నటి రబ్బరు రింగు తప్ప ఇంకేం లేవు. లోపలి గ్యాసే గోలీని రింగుకు ఒత్తి మూస్తుంది. వాసనకు తగిలే రబ్బరు ఆ రింగు అంత మాత్రమే.

గాజులోనే పోశాం. అయినా వాసన పోయింది.

మూత చూడండి. గాజు సీసాకు బలహీనత అంతా మెడ దగ్గరే ఉంటుంది. సోడా సీసాలకు వేసే క్రౌన్ మూతను 1892లో విలియం పెయింటర్ తెచ్చినప్పుడు లోపల బెరడు బిళ్ల ఉండేది. ఇప్పుడు దాని బదులు ప్లాస్టిక్ లైనర్. ఆ లైనర్ పాలిథిన్ జాతిదైతే, సీసాను పడుకోబెట్టి నిలవచేస్తే డ్రింకు ఎప్పుడూ దానికి తగులుతూ ఉంటుంది. నిలబెట్టి పెట్టండి.

తిప్పే మూత అయితే బిగింపు ముఖ్యం. చేత్తో బిగించేచోట పొద్దున బిగించిన మూతలకు, సాయంత్రం చేతులు నొచ్చినప్పుడు బిగించిన మూతలకు తేడా ఉంటుంది. మా దగ్గర ఒకసారి ఒకే బ్యాచ్‌లో కొన్ని పెట్టెలు బాగుండి కొన్ని పాడయ్యాయి. ఏ పెట్టెలు ఎప్పుడు నింపామో రాసి ఉన్న నోటుబుక్ చూస్తే, పాడైనవన్నీ నాలుగు దాటాక బిగించినవి. అప్పటి నుంచి మధ్యాహ్నం భోజనం తర్వాత మనిషిని మారుస్తున్నాం. మూత పెట్టిన సీసాను తలకిందులుగా ఒక రాత్రి పేపరు మీద ఉంచితే కారే మూత దొరికిపోతుంది. కారని మూత అంతా గాలిని ఆపుతుందని కాదు గాని, కారేదాన్నైనా ముందు ఏరెయ్యొచ్చు.

టెట్రా ప్యాక్, క్యాన్ల సంగతి?

టెట్రా ప్యాక్ అట్టపెట్టెలా కనిపిస్తుంది గాని అందులో అట్ట, పాలిథిన్, సన్నటి అల్యూమినియం రేకు పొరలు పొరలుగా ఉంటాయి. రేకు గాలిని, వెలుగును ఆపుతుంది. కానీ జ్యూసుకు తగిలే లోపలి పొర పాలిథినే. అది తాగాల్సినంత తాగుతుంది. తేడా ఎక్కడంటే, ఆ పొర పలచటిది, దాని వెనక రేకు గోడ. పొర నిండాక ఆగిపోతుంది, వాసన అవతలికి పోవడానికి దారి లేదు. మన పలచ ప్యాకెట్‌కు వెనక ఏ అడ్డూ లేదు, ఇటు తాగుతూ అటు వదులుతూనే ఉంటుంది.

అల్యూమినియం క్యాన్ లోపల కూడా పలచటి పూత ఉంటుంది, లేకపోతే పులుపు లోహాన్ని తింటుంది. పూత మైక్రాన్లలో ఉంటుంది కాబట్టి తాగేది కొంచెమే. ఈ రెండింటికీ మిషన్ల ఖర్చు మన స్థాయిది కాదు, ఇంతటితో వదిలేద్దాం.

పెట్‌లో వేడి వేడిగా నింపితే పురుగు, బూజు రాదంటున్నారు. నింపొచ్చా?

మామూలు పెట్ 70 డిగ్రీలు దాటితే మెత్తబడి ముడుచుకుంటుంది. వేడికి అణువులు వదులవుతాయి, అప్పుడు వాసన తాగడం కూడా పెరుగుతుంది. హాట్ ఫిల్ కోసమే చేసిన బాటిళ్లు వేరే ఉంటాయి, గోడకు పలకలు, మందమైన మెడ ఉంటాయి, అవి 85 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. డీలర్‌ను అదే పేరుతో అడగండి. గాజులో అయితే వేడిగా పోయొచ్చు, కానీ సీసాను ముందు వేడినీళ్లతో వెచ్చబెట్టాలి, చల్లటి సీసాలో మరిగేది పోస్తే చిట్లుతుంది.

సీసా మెడ దాకా నింపాలా, కొంచెం ఖాళీ వదలాలా?

వేడికి డ్రింకు వ్యాకోచిస్తుంది కాబట్టి కొంచెం ఖాళీ తప్పదు. కానీ ఆ కొంచెం ఎంతో కొలిచి పెట్టుకోండి. పది మిల్లీలీటర్ల గాలిలో సుమారు 2.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. లెక్క ప్రకారం ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ 11 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి ని తినగలదు. అంటే ఆ బొటనవేలంత గాలి 30 మిల్లీగ్రాముల విటమిన్‌కు ఎసరు పెట్టగలదు. విటమిన్‌ను తిన్నట్టే వాసనను కూడా తింటుంది, జ్యూస్ రంగు గోధుమ వైపు తిరుగుతుంది. మిక్సీలో నురగ వచ్చేదాకా కొట్టి వెంటనే నింపితే ఆ గాలంతా కూడా లోపలే. కొట్టాక నురగ కూర్చునేదాకా ఆగండి, పైనుంచి ధారగా పోయకుండా గొట్టం అడుగు దాకా దించి నింపండి. పైసా ఖర్చు లేని పని, ఫలితం మాత్రం బాటిల్ మార్చినంత.

ఎండాకాలం మా దగ్గర 45 డిగ్రీలు. నిలవ ఎట్లా?

నల్గొండ, మిర్యాలగూడ వైపు మే నెల ఎండ గురించి నేను చెప్పేదేముంది. ఉజ్జాయింపుగా ప్రతి పది డిగ్రీలకు ఈ మార్పుల వేగం రెట్టింపు అవుతుందనుకోండి. 25 డిగ్రీల గదిలో నాలుగు నెలలు నిలిచే వాసన, 45 డిగ్రీల రేకుల షెడ్డులో నెలకే పోవచ్చు. ఎండలో ఆపిన ట్రాలీ ఆటోలో, టార్పాలిన్ కింద వేడి ఇంకా ఎక్కువ. హైవే మీద ఢాబాకు సరుకు పంపేటప్పుడు నేను తెల్లవారుజామునే బండి తీయిస్తాను. చౌటుప్పల్ దాటేసరికి ఎండ ఎక్కకూడదు.

రేకుల షెడ్డు తప్పనప్పుడు పెట్టెలను నేల మీద కాకుండా చెక్క మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. షెడ్డు కప్పుకు తెల్ల సున్నం వేసినా తేడా కనిపిస్తుంది.

షాపు ముందు వరసగా పేరిస్తేనే అమ్ముతాయి కదా?

అమ్ముతాయి. వెలుగుకు పాడవుతాయి కూడా. రంగు లేని గాజు, రంగు లేని పెట్ రెండూ ఎండలోని హానికరమైన వెలుగును చాలావరకు లోపలికి రానిస్తాయి. ఫ్లేవర్డ్ పాలు అమ్మేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పాలలోని రైబోఫ్లావిన్ అనే విటమిన్ వెలుగును పట్టి, పాల ప్రొటీన్‌ను, కొవ్వును చెడగొడుతుంది, బాదం వాసన కిందనుంచి కాలిన ఈకల్లాంటి వాసన తేలుతుంది. బీరు సీసాలు గోధుమ రంగులో ఉండేది కూడా వెలుగు వల్ల పుట్టే దుర్వాసనను ఆపడానికే. మన డ్రింకులకు పెద్ద లేబుల్ వేసి సగం సీసా కప్పితే చాలు. షాపతన్ని రెండు సీసాలు ముందు పెట్టుకుని మిగతావి పెట్టెలో ఉంచమని చెప్పండి.

బత్తాయి జ్యూస్ చేదెక్కింది. సీసా వల్లేనా?

కాదు. ఇక్కడ సీసాను నిందించొద్దు. మన బత్తాయి సాత్‌గుడి రకం, జాతి ప్రకారం తీపి నారింజే. పండులో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. పిండాక పులుపు తగిలి అది లిమోనిన్‌గా మారుతుంది. ఆ లిమోనిన్ చేదు. అందుకే పిండగానే తాగితే తియ్యగా, గంటలు గడిచాక చేదుగా ఉంటుంది. వేడి చేస్తే ఇంకా తొందరగా. గింజలు, తెల్ల పొర, గుజ్జు పీచు నలగకుండా పిండి వెంటనే వడకడితే తగ్గుతుంది. బాగా మాగిన కాయలో ఆ పదార్థం తక్కువ, తొందరపడి కోసిన కాయలతో జ్యూస్ చెయ్యకండి.

నిమ్మ షర్బత్ నెలన్నరకు ఫినాయిల్ వాసన వస్తోంది.

అది నిమ్మకు ఉన్న శాపం. నిమ్మ వాసనకు ప్రాణం సిట్రాల్. పుల్లటి నీళ్లలో అది తనంతట తానే విరిగి వేరే పదార్థాలవుతుంది. వాటిలో పారా-క్రెసాల్ లాంటివి ఫినాయిల్ వాసన వేస్తాయి. గాజులో పోసినా అవుతుంది, ఆక్సిజన్ తగిలితే, వేడి తగిలితే మరీ అవుతుంది. ఒక్కటే మందు: చిన్న బ్యాచ్‌లు, చల్లటి నిలవ, తక్కువ డేటు. మే నెలలో నేను నిమ్మకు ఆరు నెలల డేటు వెయ్యను, ఎవరు ఎంత ఒత్తిడి చేసినా.

సుగంధి షర్బత్ మొదటి రోజు నుంచే వాసన తక్కువ. ఏ సీసా మార్చాలి?

సీసా మార్చొద్దు, గిన్నెకు మూత పెట్టండి. నల్లమలలో చెంచులు తవ్వి తెచ్చే సుగంధి పాల వేరులో వాసనంతా వెనీలాకు అన్నదమ్ముల్లాంటి ఒక పదార్థానిది. అణువులో ఉన్న భాగాలు అవే, అమరిక వేరు. అది నీటి ఆవిరితో పాటు లేచిపోతుంది. వేరు మరిగిస్తుంటే వీధి చివరి దాకా వాసన వస్తోందని సంబరపడతాం, వీధికి వెళ్లిన వాసన సీసాలోకి ఎట్లా వస్తుంది? నేను వేర్లను దంచి, గోరువెచ్చటి నీళ్లలో మూత పెట్టి రాత్రంతా నానబెడతాను. పొద్దున వడకట్టి, చక్కెర పాకం విడిగా చేసి చల్లార్చాక కలుపుతాను. నింపాక మాత్రం పెట్‌లో కూడా బాగానే ఉంటుంది.

ఎలాగూ ప్లాస్టిక్ తాగుతుంది కదా, ఎసెన్స్ ఎక్కువ వేస్తే సరి?

గోడ ఒక వాసనను ఎక్కువ తాగుతుంది, ఒకదాన్ని తక్కువ. ఎక్కువ వేస్తే తాగనివి మిగిలిపోయి డ్రింకు మందులా ఘాటెక్కుతుంది, తాగేవి మాత్రం మళ్లీ తక్కువే ఉంటాయి. పైగా ఎంత ఎక్కువ ఉంటే గోడ అంత ఎక్కువ తాగుతుంది. సీజన్ పాడుచేసుకున్నానన్నది ఇందుకే.

ఏ బాటిల్ మంచిదో ల్యాబ్ లేకుండా తేల్చుకోవచ్చా?

తేల్చుకోవచ్చు. ప్రతి బ్యాచ్‌లో ఒక గాజు సీసాను మెడ దాకా నింపి ఫ్రిజ్‌లో పెట్టండి. మేము దాన్ని సాక్షి సీసా అంటాం. మిగతావి మీ గోదాములోనే, అదే ఎండలో ఉంచండి. వారానికి, నెలకు తీసి పోల్చండి. పోల్చేటప్పుడు రెండు గ్లాసులు కాదు, మూడు పెట్టాలి. రెండింట్లో ఒకటే డ్రింకు, మూడోదాంట్లో వేరేది. మూడింటినీ ఒకే చల్లదనానికి తేవాలి, ఏది ఏదో చెప్పకూడదు. "వీటిలో వేరే ఏది?" అనే అడగాలి, "ఏది బాగుంది?" అని కాదు.

గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరు కరెక్టుగా చెప్తారు. పన్నెండు మందిని కూర్చోబెడితే నలుగురు ఊరికే కొట్టేస్తారు. ఎనిమిది మంది లేదా అంతకన్నా ఎక్కువ పట్టుకుంటే తేడా నిజంగా ఉన్నట్టు. మా ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు కలిస్తే పన్నెండు మంది అవుతారు. జలుబున్నవాళ్లను, అప్పుడే పాన్ వేసుకున్నవాళ్లను కూర్చోబెట్టకండి.

వాసన ప్లాస్టిక్‌లోకి పోతే, ప్లాస్టిక్ డ్రింకులోకి రాదా?

మంచి ప్రశ్న, వాసన అమ్మకానికి సంబంధించింది, ఇది మనిషికి సంబంధించింది. వస్తుంది, అందుకే హద్దులున్నాయి. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి చేరే మొత్తం కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. డీలర్‌ను ఫుడ్ గ్రేడ్ సర్టిఫికెట్, మైగ్రేషన్ (ప్లాస్టిక్ ఆహారంలోకి ఎంత చేరుతుందో చూసే) పరీక్ష రిపోర్టు అడగండి. "అందరూ ఇవే తీసుకపోతున్నరన్నా" అంటే అది రిపోర్టు కాదు. రిపోర్టు ఇవ్వని చోట ధర ఎంత తక్కువైనా నేను కొనను.

పాత సీసాలు కడిగి వాడొచ్చా?

గాజు అయితే వేడినీళ్లు, సోడా పొడితో బాగా కడిగి వాడుకోండి. మూత మాత్రం కొత్తది. పాత మూత లైనర్ లోపల ముందు పోసినదాని వాసన ఉంటుంది. పాత పెట్ బాటిళ్లు వద్దు. ఒకప్పుడు అందులో ఎవరు కిరోసిన్ పోశారో, ఫినాయిల్ పోశారో మీకు తెలియదు, కడిగితే గోడలో ఉన్నది పోదు, మెల్లగా మీ షర్బత్‌లోకి తిరిగి వస్తుంది.

మా సరుకు ఒక్క షాపులోనే సబ్బు వాసన వస్తోందని కంప్లైంట్.

ఆ షాపుకు వెళ్లి మీ పెట్టె పక్కన ఏముందో చూడండి. గోడ రెండు వైపులా తెరిచే ఉంటుంది, వాసన బయటి నుంచి లోపలికి కూడా వస్తుంది. అగరుబత్తులు, నాఫ్తలిన్ గోలీలు, బట్టల సబ్బులు పక్కన పెడితే పాలిథిన్ ప్యాకెట్లు వారంలో పట్టేస్తాయి, పెట్ బాటిళ్లకు మూత దారిలో వస్తుంది. ఖాళీ మూతల బస్తాను కూడా గోదాములో ఫినాయిల్ డబ్బాల పక్కన పెట్టొద్దు. మాకు దేవరకొండ రోడ్డులో ఒక షాపు నుంచి ఇదే కంప్లైంట్ వచ్చింది. షాపు అమ్మ మంచిగా విని, మా పెట్టెలను బియ్యం బస్తాల వైపు జరిపింది. ఆ తర్వాత అక్కడి నుంచి వాపస్ రాలేదు.